ఫోన్ వైద్యం మనకు ఒంటబట్టదట!

గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. ఫోన్ వైద్యం పరాయి దేశాల అలవాటనీ, మనవాళ్లు చెయ్యి పట్టి చూస్తేనే నమ్ముతారనీ, చదువు రానివాళ్లకు అది అక్కరకు రాదనీ, మంచి తెలుగు యాప్ వస్తే చాలనీ, ఎలాగూ ఫోన్లో అడిగిన మందు రాయరనీ దాని సారం.

పరాయి అలవాటైతే 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఫోన్ వైద్య సేవ ఈ-సంజీవని వాడకంలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఎందుకుంటుంది? తాడికొండ పక్క పల్లెలో పెద్దాయన యాప్ తెరవడు. సబ్‌సెంటర్‌కు నడిచి వెళ్తాడు. అక్కడి ఆరోగ్య అధికారి (సీహెచ్‌వో) బీపీ, షుగరు చూసి పెద్ద డాక్టర్ని తెర మీదికి పిలుస్తుంది. చెయ్యి పట్టి చూసే మనిషి అక్కడే ఉంది కదా! ఆయన నమ్మకం ఆమె మీద. ఆమె సెలవు పెడితే వాడకం పడిపోతుంది, దానికి సంస్కృతి అని పేరు పెడతారు. పిడుగురాళ్ల నుంచి గుంటూరు కొత్తపేట ఆస్పత్రులకు రావాలంటే బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలీ పోతాయి. ఆ లెక్క ఎవరికైనా తెలుసు.

చదువు సంగతికి కెన్యా మంచి జవాబు. 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టిన 538 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వారానికో ఎస్‌ఎంఎస్: "మాంబో?" అంటే, ఎలా ఉన్నారు? 48 గంటల్లో "సావా" అంటే బాగున్నట్టు, "షీడా" అంటే ఇబ్బంది. షీడా అన్నా, అసలు పలకకపోయినా నర్సు ఫోన్ చేసేది. మందులు సరిగా వేసుకుంటున్నామన్నవాళ్లు ఆ జట్టులో 62 శాతం, ఎస్‌ఎంఎస్ రాని రెండోదాంట్లో 50. మామూలు బటన్ల ఫోను, ఒక్క మాట, అంతే.

ఆ ఎస్‌ఎంఎస్‌లో జబ్బు పేరు ఉండేది కాదు, ఫోను ఇంట్లో ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు గనుక. సంస్కృతి నిజంగా అడ్డుపడేది ఇక్కడే. కోడలి నెలసరి బాధకు రాసిన చీటీ మామగారి నంబరుకు వస్తే ఆమె మళ్లీ అడుగుతుందా?

ఇక యాప్. తల్లి తెనాలిలో, ఓటీపీ హైదరాబాద్‌లో కొడుకు ఫోన్‌కి! అతను చూసి చెప్పేలోపు గడువైపోతుంది. రోగి చేతిలో ఉండే నంబరుతోనే నమోదు చేయించాలి. కాల్‌కు ముందు చేయాల్సినవీ ఉన్నాయి. కాఫీ తాగి అరగంట దాటాక, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు బీపీ చూడాలి. పుండు ఫొటో పగటి వెలుతురులో, పక్కన కొలతకు రూపాయి బిళ్ల పెట్టి, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి తీయాలి. ట్యూబ్‌లైటు కింద తీస్తే రంగు సరిగా తెలియకపోవచ్చు.

అడిగిన మందు రాయరన్నది మాత్రం సగం నిజం. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి, గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ జాబితా మందులు ఫోన్లో రాయకూడదు. మిగతా చీటీ చెల్లుతుంది, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. ఛాతీ నొప్పికీ, ఊపిరాడకపోవడానికీ వీడియో కాల్ కాదు, 108.