సవరణ: పూల్ టేబుల్ పాకెట్ల వెడల్పు, ఫౌల్ నియమం గురించి

నెల్లూరు, ఒంగోలులలో పూల్ (కర్రతో బంతులను కొట్టి టేబుల్ అంచుల్లోని పాకెట్లు అనే రంధ్రాల్లో పడేసే ఆట) ఆడేవారు కోరుకునే మార్పులపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో పాకెట్లను ఇరుకు చేయాలన్న మాట ఒకటుంది. దాన్ని అన్ని టేబుళ్లకూ వర్తించేదిగా పలువురు తీసుకున్నందున ఈ వివరణ ఇస్తున్నాను.

ఆ కోరిక తొమ్మిది అడుగుల టేబుళ్లకే పరిమితం. ప్రపంచ ప్రమాణాల ప్రకారం మూల పాకెట్ నోటి వెడల్పు 4.5 అంగుళాల నుంచి 4.625 అంగుళాల వరకు ఉండాలి. బంతి వ్యాసం 2.25 అంగుళాలు కనుక, రెండు బంతులు పక్కపక్కన పట్టేంత చోటే అక్కడ ఉంటుంది. మన ఊళ్లలోని ఏడడుగుల టేబుళ్ల విషయం వేరు. వాటిలో చాలాచోట్ల పాకెట్ అంచున గుడ్డ అరిగి, కుషన్ (టేబుల్ చుట్టూ ఉండే అంచు) రబ్బరు గట్టిపడి, మెల్లగా వచ్చిన బంతి కూడా రెండు అంచుల మధ్య ఇటూ అటూ తగిలి బయటే నిలిచిపోతుంది. అక్కడ ముందుగా మార్చవలసినవి గుడ్డ, రబ్బరు. పాకెట్ కొలత కాదని నా దృఢమైన అభిప్రాయం.

ఇక రెండవది, ఫౌల్ నియమాన్ని సడలించాలన్న కోరిక. ఫౌల్ తర్వాత తెల్ల బంతిని (కర్రతో నేరుగా కొట్టే బంతిని) ఆట మొదలుపెట్టే వైపున్న గీత వెనక మాత్రమే పెట్టాలన్నది కొన్ని క్లబ్బుల స్థానిక వాడుక. అంతర్జాతీయ నియమాల్లో, పూల్‌లో ఒక రకమైన నైన్ బాల్‌లో ఫౌల్ జరిగితే ఎదుటి ఆటగాడు దాన్ని టేబుల్‌పై ఎక్కడైనా పెట్టుకోవచ్చు. స్నూకర్ నుంచి వచ్చిన పెద్దలకు ఇది మరీ ఉదారంగా తోచడం సహజమే గాని, కావాలని ఫౌల్ చేసి తప్పించుకునే ఎత్తును ఆపేది ఈ కఠినతే కాబట్టి, దీన్ని సడలించాలన్న కోరికను నేను సమర్థించడం లేదు.