అప్పు తీర్చే తొందరలో గూడు పోగొట్టుకోవద్దు

అమెరికాలో ఉద్యోగం పోయిన మన కుటుంబాలు దివాలా న్యాయవాది గడప తొక్కేసరికి చాలాసార్లు ఆలస్యం అయిపోయి ఉంటుంది. అప్పటికే 401కె ఖాతా (ఉద్యోగ సంస్థ ద్వారా రిటైర్మెంటుకు కూడబెట్టే పొదుపు) ఖాళీ అయి ఉంటుంది, క్రెడిట్ కార్డులన్నీ పరిమితి దాకా వాడేసి ఉంటారు, తోడల్లుడి దగ్గరా చిన్ననాటి స్నేహితుడి దగ్గరా తెచ్చిన చేబదుళ్లు అలాగే ఉంటాయి, ఇంటి వాయిదాలు నాలుగైదు నెలలుగా ఆగిపోయి ఉంటాయి. మన సంఘం సహాయ బృందంలో పనిచేస్తూ ఇటువంటి కుటుంబాలతో కూర్చుని కాగితాలు సర్దినప్పుడల్లా నాకు కనిపించింది ఒకటే. దివాలా వల్ల వారికి జరిగిన నష్టం కంటే, ఆ పేరు తమ మీద పడకూడదని అంతకుముందు నెలల తరబడి చేసిన పనుల వల్ల జరిగిన నష్టమే ఎక్కువ.

ఈ భయానికి మూలం మనం పెరిగిన చోటే ఉంది. మన ఊళ్లలో ఎవరైనా ఐపీ (దివాలా పిటిషన్) పెట్టారంటే, ఆస్తులను ముందే భార్య పేరనో బావమరిది పేరనో రాయించి, చిట్టీ కట్టినవారికీ నోటు మీద అప్పిచ్చినవారికీ ఎగనామం పెట్టారనే జనం అనుకునేవారు. కొన్నిసార్లు ఆ అనుమానం నిజమయ్యేది కూడా. ఆ జ్ఞాపకం మనతోపాటు సముద్రాలు దాటి వచ్చింది. ఇక్కడి చట్టం ఉద్దేశం వేరు. దివాలా చట్టాలు చేసే అధికారాన్ని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే కాంగ్రెస్‌కు ఇచ్చింది. నిజాయితీ ఉండి దురదృష్టం పాలైన రుణగ్రస్తుడికి పాత అప్పుల ఒత్తిడి లేకుండా బతుకు మళ్లీ మొదలుపెట్టే అవకాశం కల్పించడం ఈ చట్టం ప్రధాన ఉద్దేశాల్లో ఒకటని 1934లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్న దివాలా కోడ్ 1978లో వచ్చింది. 2005లో దాన్ని బాగా కఠినం చేసి, ఆదాయ పరీక్షను, పిటిషన్‌కు ముందు క్రెడిట్ కౌన్సెలింగ్‌ను తప్పనిసరి చేశారు. ఇన్ని వడపోతలు దాటి ఉపశమనం పొందిన మనిషిని మోసగాడి పక్కన నిలబెట్టి చూడటం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పేరు చెప్పకుండా ఒక కుటుంబం సంగతి చెబుతాను. భర్తకు లేఆఫ్ వచ్చింది, భార్య ఉద్యోగం ఆ ఇంటి ఖర్చుకు సరిపోయేది కాదు. ఒక్క వాయిదా కూడా తప్పకూడదన్న పట్టుదలతో, ప్రతి నెలా అన్ని కార్డులకూ కనీస మొత్తం కట్టడానికి ఆయన 401కె నుంచి విడతలు విడతలుగా డబ్బు తీశారు. వయసు యాభై కూడా దాటలేదు కాబట్టి తీసిన ప్రతి డాలరు మీద ఆదాయపు పన్నుతోపాటు 10 శాతం జరిమానా కూడా పడింది. వారు వంటగది బల్ల మీద పరిచిన స్టేట్‌మెంట్లను వరుసగా చూస్తే, కార్డుల బాకీ దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. కట్టిందంతా వడ్డీకే పోయింది. చివరికి దివాలా పిటిషన్ వేయక తప్పలేదు. ఆ కార్డు బాకీలు రద్దయ్యాయి, కానీ పదిహేనేళ్లు కూడబెట్టిన సొమ్ము తిరిగి రాలేదు. ఆ సొమ్మును ముట్టుకోకుండా మొదట్లోనే పిటిషన్ వేసి ఉంటే, అందులో ఒక్క డాలరును కూడా అప్పులవాళ్లు తాకగలిగేవారు కాదు. ఉద్యోగ సంస్థ నడిపే 401కె వంటి ఖాతాలు దివాలా ఆస్తిలోకి రావని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం అంత గట్టి కంచె వేసి కాపాడుతున్న సొమ్మును మనమే బయటికి తీసి, ఎలాగూ రద్దు కాబోయే అప్పులకు ధారపోస్తున్నాం. ఉద్యోగం పోయినవారు ఎవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే, న్యాయవాదితో మాట్లాడేదాకా 401కె జోలికి వెళ్లవద్దనే చెబుతాను.

చేబదుళ్ల విషయం ఇంకా సున్నితమైనది. బ్యాంకుకు ఎగ్గొట్టినా ఫరవాలేదు, మనవాళ్ల డబ్బు మాత్రం ముందు తీర్చేయాలన్నది మనలో చాలామందికి మర్యాదగా తోచే ఆలోచన. చట్టం దీన్ని వేరే దృష్టితో చూస్తుంది. పిటిషన్‌కు ముందు ఏడాదిలోపు బంధువుకు పాత బాకీ తీర్చి ఉంటే, దివాలా కేసులో ఆస్తుల లెక్క చూసే ట్రస్టీ ఆ డబ్బును ఆ బంధువు దగ్గర నుంచే వెనక్కి రాబట్టవచ్చు. అన్నయ్యకు మేలు చేశామనుకున్న తమ్ముడు అన్నయ్య ఇంటికి నోటీసు పంపించినవాడు అవుతాడు. కారునో స్థలాన్నో ఊరికే ఇంకొకరి పేరు మీదికి మార్చడం అంతకన్నా ప్రమాదం. హామీ సంతకం చేసిన స్నేహితుడి సంగతి కూడా ముందే ఆలోచించాలి. చాప్టర్ 7లో, అంటే రక్షణ లేని ఆస్తులేమైనా ఉంటే అమ్మి మిగిలిన అప్పులను రద్దు చేసే దివాలా పద్ధతిలో, అసలు అప్పు తీసుకున్నవారికి విముక్తి దొరికినా, సంతకం పెట్టినవారి బాధ్యత అలాగే ఉంటుంది. ఆ మాట ఆయనకు ఉత్తరం రాకముందే మనం చెప్పాలి.

ఇండియాలోని ఆస్తులను దాచడం మరో పొరపాటు. శివారులో కొన్న ప్లాటు, నాన్నగారి తరువాత అన్నదమ్ముల పేర్ల మీదికి వచ్చిన పొలంలో వాటా, అక్కడి బ్యాంకులో ఎన్‌ఆర్‌ఐ డిపాజిట్, లాకర్‌లో ఉన్న బంగారం, ఇవేవీ అమెరికా కోర్టుకు కనిపించవని అనుకునేవారు ఉన్నారు. ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా జాబితాలో రాయాలని చట్టం చెబుతుంది. ఉద్దేశపూర్వకంగా దాచడం ఫెడరల్ నేరం, దానికి 5 ఏళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. నిజం రాస్తే ఒక ప్లాటు పోవచ్చు, ఒక్కోసారి అదీ పోకపోవచ్చు. అబద్ధం రాస్తే అప్పుల రద్దూ పోతుంది, ఇమ్మిగ్రేషన్ హోదా కూడా చిక్కుల్లో పడుతుంది.

ఎప్పుడు పిటిషన్ వేయాలన్నది కూడా లెక్క వేసి తేల్చుకోవలసిన విషయమే. చాప్టర్ 7కు అర్హత చూసే ఆదాయ పరీక్ష, పిటిషన్ వేసే నెలకు ముందున్న 6 పూర్తి నెలల సగటు ఆదాయాన్ని తీసుకుని రాష్ట్ర మధ్యస్థ ఆదాయంతో పోలుస్తుంది. నిన్నటిదాకా మంచి జీతం వచ్చిన వ్యక్తి ఈరోజు చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా కాగితం మీద సంపన్నుడిగానే కనిపిస్తాడు, ఉద్యోగం తీసేస్తూ కంపెనీ ఇచ్చే సెవరెన్స్ సొమ్ము వస్తే అదీ సాధారణంగా ఆ సగటులో కలుస్తుంది. కొన్ని నెలలు గడిస్తే లెక్క మారుతుంది. అందుకే తొలి నెలలోనే న్యాయవాదిని కలవడం, పిటిషన్ మాత్రం ఆయన చెప్పిన సమయానికి వేయడం మేలు. ఆ మధ్యకాలంలో కార్డుల మీద విలాస వస్తువులు కొనడం, నగదు తీయడం పూర్తిగా మానాలి. చివరి 90 రోజుల్లో చేసిన పెద్ద కొనుగోళ్లను, 70 రోజుల్లో తీసిన పెద్ద నగదును కోర్టు అనుమానంతో చూస్తుంది. అప్పులో సగం తగ్గించి ఇప్పిస్తామని ఫోన్ చేసి ముందే ఫీజు అడిగే కంపెనీలకు దూరంగా ఉండాలి. అలా తగ్గిన మొత్తం మీద చాలాసార్లు పన్ను కూడా కట్టవలసి వస్తుంది, దివాలాలో రద్దయిన అప్పుకు ఆ పన్ను లేదు.

ఇక ఇల్లు. పిటిషన్ దాఖలైన క్షణం నుంచి వసూళ్ల మీద స్టే అమల్లోకి వస్తుంది. ఫోన్లు, జీతం జప్తు, ఇంటి వేలం అన్నీ ఆగాలి. అయితే చాప్టర్ 7 ఇచ్చే ఈ ఊరట ఇంటి విషయంలో తాత్కాలికమే, ఎందుకంటే అది మార్ట్‌గేజ్ బకాయిని తీర్చదు, బ్యాంకు కోర్టును అడిగి స్టే తొలగించుకోగలదు. ఇల్లు నిలుపుకోవాలంటే పాత బకాయిని 3 నుంచి 5 ఏళ్లలో విడతలుగా కట్టే చాప్టర్ 13 ఉంది. దానికి క్రమమైన ఆదాయం కావాలి కాబట్టి, దంపతులలో ఒకరి జీతమైనా నిలిచి ఉండగానే ఆ ఆలోచన చేయాలి. సొంత ఇంటి విలువలో ఎంత భాగానికి రక్షణ ఉంటుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారిపోతుంది. టెక్సాస్‌లో విస్తీర్ణానికే తప్ప విలువకు సాధారణంగా పరిమితి లేదు, న్యూజెర్సీ చట్టంలో సొంత ఇంటికంటూ అటువంటి మినహాయింపే లేదు కనుక అక్కడివారు ఫెడరల్ మినహాయింపు మీద ఆధారపడతారు. డాలస్‌లో ఉన్న బావగారికి పనికొచ్చిన సలహా ఎడిసన్‌లో ఉన్నవారికి పనికిరాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

దివాలా దాకా వెళ్లకముందే వాడుకోదగిన వ్యవధి ఒకటి ఉంది. ఫెడరల్ నిబంధనల ప్రకారం, వాయిదాలు 120 రోజులకు పైగా ఆగితే తప్ప సొంత నివాసం మీద, బాకీ కింద ఇంటిని స్వాధీనం చేసుకునే ఫోర్‌క్లోజర్ ప్రక్రియ మొదలుపెట్టకూడదు. ఆ నాలుగు నెలలు బ్యాంకు ఉత్తరాలు విప్పకుండా సొరుగులో పడేసి గడిపే కాలం కాకూడదు. ఫెడరల్ గృహనిర్మాణ శాఖ ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్లు ఉచితంగానో నామమాత్రపు రుసుముకో వాయిదాల సవరణ దరఖాస్తు చేయడంలో సాయపడతారు. అద్దె ఇంట్లో ఉన్నవారి పరిస్థితి దీనికన్నా నాజూకైనది. ఖాళీ చేయించమని యజమాని కోర్టు తీర్పు తెచ్చుకున్న తరువాత పిటిషన్ వేస్తే, స్టే సాధారణంగా ఆ తీర్పును ఆపదు. సమన్లు అందిన రోజే కదలాలి. 211కు ఫోన్ చేస్తే అత్యవసర అద్దె సాయం స్థానికంగా ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

హెచ్‌-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, కొత్త ఉద్యోగమో వేరే హోదానో చూసుకోవడానికి 60 రోజుల వరకే గడువు. వారిని భయపెట్టవలసింది ఆ గడువే. దివాలా పిటిషన్ వేసినంత మాత్రాన వీసా హోదా రద్దు కాదు, పౌరులు కానివారు కూడా పిటిషన్ వేయవచ్చు. అయినా ఈ రెండింటినీ కలిపి భయపడి, రెంటికీ న్యాయవాదిని కలవకుండా ఉండిపోయేవారు ఉన్నారు.

కోర్టు అంటే బోనులో నిలబెడతారన్న బెంగ కూడా మనవారిని ఆపుతోంది. అప్పులవాళ్ల సమావేశం అని పిలిచే విచారణలో జడ్జి ఉండరు, ఇప్పుడు చాలాచోట్ల వీడియోలోనే జరుగుతోంది. ట్రస్టీ గుర్తింపు కార్డు చూస్తారు, ప్రమాణం చేయిస్తారు, పిటిషన్ మీరే చదివి సంతకం చేశారా, ఆస్తులన్నీ రాశారా, బంధువులకు ఈ మధ్య ఏమైనా చెల్లించారా, మీకు ఎవరైనా బాకీ ఉన్నారా అని అడుగుతారు. కార్డు కంపెనీల తరఫున సాధారణంగా ఎవరూ రారు. నిజాయితీగా రాసినవారికి అది చాలావరకు కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. చాప్టర్ 7లో పిటిషన్ వేసిన సుమారు 4 నెలలకు రద్దు ఉత్తర్వు వస్తుంది. దివాలా తీశారన్న ఒక్క కారణంతో ఉన్న ఉద్యోగం నుంచి తొలగించడాన్ని చట్టం నిషేధించింది, కానీ కొత్తగా చేర్చుకునేటప్పుడు ప్రైవేటు సంస్థలు దాన్ని చూడటాన్ని చాలా కోర్టులు అడ్డుకోలేదు. విద్యా రుణాలు, ఇటీవలి పన్నులు, పిల్లల పోషణ భత్యం వంటివి మామూలుగా రద్దు కావు. క్రెడిట్ నివేదికలో చాప్టర్ 7 గుర్తు 10 ఏళ్ల దాకా ఉంటుంది. ఇవన్నీ నిజమైన కష్టాలే, వాటిని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అయినా రద్దు జరిగిన 2 ఏళ్లకే ప్రభుత్వ బీమా ఉండే ఎఫ్‌హెచ్‌ఏ గృహరుణానికి దరఖాస్తు చేసుకునే వీలుంది. వాయిదాలు ఎగవేస్తూ, వసూలు ఏజెన్సీల నుంచి తప్పించుకుంటూ అంతకాలం గడిపినవారికి ఆ వీలు ఉండదు.

మన సంఘం చేయగలిగింది చాలా ఉంది. ఎవరైనా మరణిస్తే పార్థివదేహాన్ని స్వదేశానికి పంపడానికి గంటల్లో విరాళాలు పోగుచేసే సామర్థ్యం మనకు ఉంది. బతికి ఉండి ఇల్లు పోగొట్టుకుంటున్న కుటుంబం కోసం అటువంటి ఏర్పాటు లేదు. అడగడానికే వారు సిగ్గుపడతారు, అడిగించుకోవడానికి మనమూ ఇబ్బందిపడతాం. రాష్ట్రాలవారీగా దివాలా న్యాయవాదుల, హౌసింగ్ కౌన్సెలర్ల జాబితా తయారుచేసి, ఎవరు అడిగారో బయటికి పొక్కని విధంగా ఇద్దరు బాధ్యుల ద్వారా అందజేయాలి. చాప్టర్ 7 దాఖలు రుసుము 338 డాలర్లు; ఆదాయం బాగా తక్కువ ఉన్నవారికి కోర్టు దాన్ని మాఫీ చేయవచ్చు, మాఫీ దొరకనివారికి సంఘం నిధి నుంచి ఇవ్వవచ్చు. అద్దె ఇళ్లు ఉన్న మన సభ్యులు ఎందరో ఉన్నారు. క్రెడిట్ నివేదికలో దివాలా కనిపించగానే దరఖాస్తు పక్కన పెట్టకుండా, సంఘం ఇచ్చే పరిచయ లేఖను, కాస్త ఎక్కువ అడ్వాన్సును తీసుకుని ఆరు నెలల లీజు ఇవ్వగలిగితే, అప్పుల రద్దు వల్ల వచ్చిన వెసులుబాటు ఆ కుటుంబానికి నిజంగా ఉపయోగపడుతుంది. కార్యవర్గం వచ్చే సమావేశంలో ఈ ప్రతిపాదనను చర్చకు తీసుకోవాలని కోరుతున్నాను. మా రాష్ట్రం వరకు జాబితా తయారుచేసే బాధ్యత నేను తీసుకుంటాను. మిగిలిన రాష్ట్రాల నుంచి, ముఖ్యంగా ఈ దారిలో నడిచి వచ్చినవారి నుంచి, మరికొందరు ముందుకు రావాలి.