ఉద్దానం వార్తకు ఆయుష్షెంత?

తితలీ తుపాను నాటి ఒక కథనం కోసం ఆమధ్య ఒక సాయంత్రమంతా వెతికాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తుపాను తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో నేలకూలిన జీడి, కొబ్బరి తోటల గురించిన కథనమది. ఫోటోలు, మ్యాపు, రైతుల గొంతులు అన్నీ ఉండేవి. దాచుకున్న లింకు నొక్కితే ఆ వెబ్‌సైట్ మొదటి పేజీ తెరుచుకుంది. ఆ రోజు రాశిఫలాలున్నాయి, ఎవరో నటి విమానాశ్రయంలో దిగిన ఫోటోలున్నాయి. తోటలు మాత్రం లేవు.

డిజిటల్ వార్తలకు ఇచ్చే పురస్కారాల ప్రకటన ఎప్పుడు చూసినా నాకు ఆ పేజీయే గుర్తొస్తుంది. వార్తా ప్రచురణకర్తల అంతర్జాతీయ సంఘం వాన్-ఇఫ్రా దక్షిణాసియాకు విడిగా డిజిటల్ మీడియా అవార్డులు ఇస్తోంది. మంచి వెబ్‌సైట్, మంచి వీడియో, అంకెలను బొమ్మకట్టిన తీరు, చందాలు రాబట్టిన పద్ధతి, ప్రకటనదారులతో కలిసి చేసిన ప్రచారం, ఇలా సాగుతాయి ఇటువంటి పోటీల విభాగాలు. ఆఖరి రెండూ పత్రిక ఖజానాకు సంబంధించినవి, వాటితో పాఠకుడికి పనిలేదు. సరే, అదలా ఉంచుదాం. ఐదేళ్ల తర్వాత ఈ పేజీ తెరుచుకుంటుందా అని అడిగే విభాగం మాత్రం నా కంటపడలేదు.

పురస్కారాలన్నీ దండగ అనడం లేదు. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచెత్తినప్పుడు అక్కడి టైమ్స్-పికయూన్ పత్రికకు అచ్చు వేసే దారి లేకపోయింది. మూడు రోజులు ఇంటర్నెట్‌లోనే వెలువడింది. మరుసటి ఏడాది ఆ పత్రికకు రెండు పులిట్జర్లు వచ్చాయి, అమెరికాలో పత్రికా రచనకిచ్చే పెద్ద పురస్కారాలవి. కేవలం ఇంటర్నెట్‌లోనే నడిచే సంస్థలను పులిట్జర్ పోటీకి రానిచ్చింది 2009 నుంచి. 2010లో అలాంటి సంస్థే అయిన ప్రోపబ్లికా గెలిచింది. విచిత్రమేమిటంటే ఆ కథనం కూడా కత్రినాదే. వరదలో చిక్కుకున్న ఒక ఆసుపత్రిలో రోగులు ఎలా చనిపోయారో ఆ సంస్థ విలేకరి షెరీ ఫింక్ తవ్వి తీశారు. న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌తో కలిసి అది వెలువడింది 2009లో, తుపాను వెళ్లిపోయిన నాలుగేళ్లకు. ఆ బహుమతి విలువంతా నాకు ఆ నాలుగేళ్లలోనే కనిపిస్తుంది.

కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. తితలీ మిగిల్చిన నష్టం నిజంగా ఎంతో 2018 అక్టోబరులో ఎవరికీ తెలిసే వీలు లేదు. మళ్లీ నాటిన రైతెవరు, తోట అమ్ముకున్నదెవరు, వలస వెళ్లి తిరిగిరానిదెవరు అన్న లెక్క ఇప్పుడు తేలుతుంది. ఆ లెక్క రాయడానికి ఎవరైనా వెళ్లినా, ముందు రాసింది ఏమిటో చూసుకునే పేజీ ఉండాలి కదా.

ఉద్దానం కిడ్నీ జబ్బుది ఇంకా పెద్ద కథ. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఏళ్ల తరబడి ఇళ్లకు ఇళ్లను కుంగదీస్తున్న ఆ వ్యాధికి కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. తాగే నీరన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనప్పుడు ఆ వార్త అందరూ వేశారు. ఆ రోజుదాకా విషయాన్ని చావనివ్వకుండా మోసినవి జిల్లా పేజీల్లో వచ్చిన చిన్న చిన్న వార్తలు. ఫలానా ఊళ్లో మరొకరు, రక్తశుద్ధి కోసం విశాఖ బస్సెక్కిన ఇంకొకరు, అంతే ఉండేది వాటిలో. పురస్కారాల దరఖాస్తులో సాధారణంగా ఒక గడువు ఉంటుంది, గడిచిన ఏడాదిలో ప్రచురించినవే పంపాలని. ఇన్నేళ్ల జబ్బును ఏ ఏడాది కింద పంపాలి?

పేజీలు మాయమవడం మన దగ్గరే కాదు. అమెరికాలోని కొలరాడోలో 1961లో బడి బస్సును రైలు ఢీకొని 20 మంది పిల్లలు చనిపోయారు. 2007లో అక్కడి రాకీ మౌంటెన్ న్యూస్ పత్రిక ఆ కుటుంబాల మీద ముప్పైకి పైగా భాగాల ధారావాహిక వేసింది. అది పులిట్జర్ తుది జాబితా దాకా వెళ్లింది. 2009లో పత్రిక మూతపడింది, కొంతకాలానికి ధారావాహిక వెబ్‌లో లేకుండా పోయింది. రాసిన విలేకరే పూనుకుని దాన్ని మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది. 2013 నాటి వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు కనిపించకుండా పోయాయని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో లెక్కగట్టింది.

మనకూ ఒక రైలు ప్రమాదం ఉంది. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనక నుంచి ఢీకొంది. 14 మంది పోయారు. ఆ రాత్రి మొదట వచ్చిన మృతుల సంఖ్య తెల్లవారేసరికి పెరిగింది. అది తప్పు కాదు, అలాంటి రాత్రుల్లో అంతే. కానీ మన పోర్టళ్లలో పాత అంకె మీదే కొత్త అంకె కూర్చుంటుంది, మార్చామన్న ముక్క తరచూ ఉండదు. అదే విజయనగరంలో గురజాడ 1897లో అచ్చు వేసిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి దాదాపు తిరగరాశారు. రెండు కూర్పులూ మిగిలాయి కాబట్టే ఏది తీసేశారో, ఏది చేర్చారో ఈనాటికీ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాం.

ఇక పేర్ల సంగతి. పల్లెల గురించి రాసే పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పరి' తనను వెబ్‌సైట్ అని కాక, గ్రామీణ భారతపు ఆర్కైవ్ అని చెప్పుకుంటుంది. రాసినవారితో పాటు తెలుగు చేసినవారి పేరు కూడా వేస్తుంది. మన మండల విలేకరికి దక్కేది చాలాసార్లు పేరుకు బదులు 'న్యూస్‌టుడే' తరహా ఒక ముద్ర, నెలాఖరుకు లైన్ ఎకౌంట్, అంటే అచ్చయిన వార్తల కొలతను బట్టి ఇచ్చే డబ్బు.

ఉద్దానంలో అలాంటి ఒక కంట్రిబ్యూటర్ ఇంట్లో రేకుపెట్టె చూశాను. తితలీ వారం కత్తిరింపులన్నీ తేదీలవారీగా ఉన్నాయి. ప్రతి దాని అంచున నీలి సిరాతో సెంటీమీటర్ల లెక్క. కరెంటు లేక, సిగ్నల్ లేక, బండి మీద టెక్కలి వైపు వెళ్లి పంపిన వార్తలవి. నేను వెతికిన కథనంలోని రైతుల మాటలు కూడా తానే రికార్డు చేసి ఇచ్చానన్నారు. అందులో మీ పేరు వేశారా అని అడిగాను.

"వేశారేమో. చూద్దామంటే పేజీ లేదు కదండీ" అన్నారు.