మట్టి కొన్నాడండీ!

మా మేనల్లుడు మట్టి కొన్నాడు.

మీరు సరిగ్గానే చదివారు. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో, అదీ నడి శ్రావణంలో, ఒక మనిషి డబ్బు పోసి మట్టి కొన్నాడు. ట్రాక్టరుకి వెయ్యి చొప్పున రెండు ట్రాక్టర్లు. మొదటి ట్రాక్టరు మా సందు మలుపులో ఇరుసు దాకా దిగబడింది. నలుగురు పారలు పట్టి, చక్రాల కిందున్న ఉచితపు మట్టిని తవ్వి అవతల పారేసి, డబ్బిచ్చిన మట్టిని భద్రంగా పెరట్లోకి చేర్చారు. 'అది వేరు, ఇది వేరు మావయ్యా. దీన్లో బంక ఎక్కువ' అన్నాడు. నిజమే, ఆ బంక విలువ తెలియకే ఇన్నేళ్లూ మేం దాన్ని గుమ్మం ముందు చెప్పులకి గీరుకుంటున్నాం.

మట్టి ఎందుకయ్యా అంటే, కార్లకి. అసలు కార్లలో పదో వంతుండే రిమోటు కార్లు. మూరెడు పొడుగు, 7.4 వోల్టుల లిథియం బ్యాటరీ, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, చేతిలో పిస్తోలు లాంటి పరికరం. బెంగళూరు కంపెనీకి మా వసారాలో కూర్చుని పనిచేసే కుర్రాడు, సాయంత్రమయ్యేసరికి వీటికి పందెపు బాట వేస్తానన్నాడు. నేను కాదనలేదు. చిన్న బండ్లంటే మా ఊరికి చిన్నచూపు లేదు. 1900లోనే నౌపడ నుంచి రెండున్నర అడుగుల గేజి మీద బుల్లి రైలు తెప్పించుకున్న సంస్థానం మాది. బచ్చలి పాదు, రెండు వంగ మడులు, ఒక కరివేప మొక్క పోయాయి. అభివృద్ధి అన్నాక నిర్వాసితులు తప్పరు.

ఇక ఆ నిర్మాణ కౌశలం చూడాలి. 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు పెరట్లో మీటరున్నర వెడల్పు బాట, ఆరు మలుపులు. మలుపు మలుపుకీ బయటి వైపు గట్టు లేపాడు. దాన్ని బెర్మ్ అంటారట, వేగంగా వచ్చిన బండి జారిపోకుండా కాస్తుందట. మధ్యలో బల్లపరుపు దిబ్బ, బండి ఎగిరి దూకడానికి. బాట అంచులకి నల్లటి ముడతల పైపు పరిచాడు. అది నిజానికి మురుగునీరు పోవడానికి చేసే పైపు. మా వీధి కాలువ పుట్టాక చూడని పైపు! దాన్ని బొమ్మకారు గుద్దుకోవడానికి వాడుతున్నారు. వాననీరు పక్కకి జారేలా నేలకి వాలు పెట్టి, దారం కట్టి, నీటిమట్టం గొట్టంతో చూసుకున్నాడు. వేళ్లంత మనుషులు కూడా ఎక్కని కారుకి.

దుమ్ము లేవకుండా ఏం చల్లాలన్నది పెద్ద చిక్కయింది. కాల్షియం క్లోరైడు చల్లితే గాల్లో తేమ పట్టి మట్టిని ఎండనివ్వదని ఒక మతం, పంచదార నీళ్లు చల్లితే టైర్లకి పట్టు దొరుకుతుందని ఇంకో మతం. మూడు రోజులు ఫోన్లో పరిశోధన సాగింది. కుర్చీలోంచి చూస్తున్న మా అమ్మకి ఓపిక పోయింది. 'ఓరి గుంటడా! పంచదార సల్లితే సీమలొస్తాయి రా. కళ్ళం ఎప్పుడూ సూడనేదా? తడిపి దిమ్మిస కొట్టు, ఆరనీ, పేడనీళ్లతో అలుకు' అంది. అలికాడు. మర్నాటికి నేల అద్దం. గోరుతో గీస్తే గీత పడలేదు. వాడు వాళ్ల అమ్మమ్మని ట్రాక్ కన్సల్టెంట్‌గా ప్రకటించాడు. ఆవిడ జీతం బదులు, మొదలు గీత దగ్గర ముగ్గు వేయాలని షరతు పెట్టింది.

ఆ కుర్చీ సంగతి రాయకూడదనుకున్నాను. ఇది కార్ల వ్యాసం.

మా వీధిలో రోడ్డు కంటే కాలువ జానెడు ఎత్తు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. పల్లం మా వీధి, మిట్ట కాలువ, కాబట్టి నీరు చక్కగా సామెత ప్రకారం నడుచుకుంటుంది. పోయినేడు ఆగస్టు 29న, గిడుగు వారి పుట్టినరోజని అందరూ ఫోన్లలో తెలుగు వెలుగులు పంపుకుంటున్న పూట, నేనొక అర్జీ పట్టుకెళ్లాను. ఏ కార్యాలయమో రాయను. మాట్లాడే భాషలోనే రాయాలని గిడుగు పోరాడింది ఈ ఊళ్లో పాఠాలు చెప్పిన చేత్తోనే కదా అని తెలుగులో రాశాను. ఒడియాలో తెమ్మన్నారు. తెచ్చాను. కంప్యూటర్లో పెట్టమన్నారు. పెట్టాను. ఇరవై రోజులకి మా అమ్మ పాలకని వెళ్లి ఆ నీళ్లలో జారింది. తుంటి ఎముక. ఆటో సందులోకి రానంటే, డెబ్భై ఎనిమిదేళ్ల మనిషిని ఇదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురం మోకాలి లోతు మురుగులో మెయిన్ రోడ్డు దాకా మోశాం. ఆవిడ ఏడవలేదు. నేనేడ్చాను. ఆ అర్జీ ఇప్పటికీ 'పరిశీలనలో ఉంది' అని చూపిస్తోంది. ఏం పరిశీలిస్తున్నార్రా? నీళ్లు నిలిచాయా లేదా అని చూడటానికి ఏడాది కావాలా? కళ్ళం అలకడం తెలిసిన మా అమ్మకి తెలిసిన లెక్క, జీతం తీసుకునే ఒక్కడికీ తెలియదా?

సరే. కార్లు.

మొన్న ఆదివారం పందెం. అయిదు కార్లు. నన్ను మార్షల్‌గా వేశారు. ఏదో హోదా అనుకుని ఉతికిన చొక్కా తొడుక్కున్నాను. తిరగబడ్డ కార్లని వంగి నిలబెట్టే కూలీని మార్షల్ అంటారని మొదటి రౌండులో తెలిసింది, రెండో రౌండుకి నడుం పట్టేసింది. పక్కింటి ఒడియా పెద్దాయన గోడ మీద నుంచి 'ఆసిలా, ఆసిలా!' (వచ్చింది, వచ్చింది!) అని వ్యాఖ్యానం. సరిగ్గా అప్పుడే ఆయన కోడి గోడ దూకి దిబ్బ మీద నిలబడింది. పదో వంతు లెక్కన అది నాలుగు మీటర్ల జంతువు. ముందున్న కారు దాన్ని చూసి గట్టెక్కి తులసికోటని గుద్దింది, వెనకది ముగ్గు మీద గిర్రున తిరిగింది, మూడోదాన్ని కోడే తరిమింది. అన్ని చక్కర్లూ పూర్తి చేసింది కోడి ఒక్కటే. దానికి సమయం నమోదు చేయాలా వద్దా అని అరగంట గొడవ. రూలు పుస్తకంలో కోడి ప్రస్తావన లేదని మా వాడు తేల్చాడు.

పందెంలో ఒక కుర్రాడి తండ్రి ఇంజనీరు. పేరు రాయను, ఏ శాఖో కూడా రాయను. ఆయన బాటంతా తిరిగి చూశారు. నాలుగో మలుపు దగ్గర ఆగి, చెప్పుకాలితో నేల నొక్కి, పెదవి విరిచారు.

'ఇక్కడ వాలు చాల్లేదండీ. వానొస్తే నీరు నిలుస్తుంది.'

నేనేమీ అనలేదు. అనడానికి నోరు రాలేదు. మా వాడు మాత్రం బుద్ధిగా తలూపి, అప్పటికప్పుడు రెండు తట్టల మట్టి పోసి మలుపు సరిచేశాడు. పావుగంట పట్టింది. కొన్న మట్టే.

చీకటి పడ్డాక ఇంజనీరు గారు బయల్దేరారు. మా గుమ్మం ముందు ఆగి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, చెప్పులు చేతిలో పట్టుకున్నారు. తడిస్తే మోటారు పోతుందని కొడుకు కారుని నెత్తిన పెట్టుకున్నాడు. ఇద్దరూ నీళ్లలోకి దిగుతుంటే, కుర్చీలోంచి మా అమ్మ కేకేసింది.

'గోడవార నుంచి ఎల్లండి బాబూ, నడిమిని గొయ్యుంది!'