అచ్చమాంబను వదిలేశారు
మన దగ్గర స్త్రీల చరిత్రను సేకరించడం 1980లలో మొదలైందని ఒక వ్యాసంలో రాశారు. దీన్ని నేను ఒప్పుకోను. అంతకు 80 ఏళ్ల ముందే భండారు అచ్చమాంబ స్త్రీల జీవిత చరిత్రలతో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే పుస్తకం రాశారు. బడికి పోలేదు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. ఆడవాళ్లు అబలలు, తెలివిలేనివాళ్లు అన్న మాట తప్పని చూపించడానికే ఒక్కొక్కరి జీవితం వెతికి రాశారు. అప్పట్లో, ఆ ప్రయాణ సౌకర్యాలతో, అదెంత కష్టమో! 1905లో, 30 ఏళ్లకే పోయారు. మా అమ్మాయి డిగ్రీ నోట్సులో ఆమె గురించి తొలి కథారచయిత్రి అని ఒక్క లైన్ ఉంది. చరిత్రకారిణి అన్న మాటే లేదు. నాకు బాధ అక్కడే.