బొగతకు ఆదివారం చూసి కాదు, వాన చూసి వెళ్లాలి

జులై వచ్చిందంటే హన్మకొండ, వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ముచ్చట: ఆదివారం బొగత జలపాతం. ములుగు, ఏటూరునాగారం మీదుగా ముళ్లకట్ట వంతెన దాటి వాజేడు మండలం చీకుపల్లికి ఎప్పుడు చేరాలి, టిఫిన్ ఎక్కడ, బండి ఎవరిది, అన్నీ మాట్లాడుకుంటాం. ఛత్తీస్‌గఢ్ వైపు గుట్టల్లో రాత్రి ఎంత వాన పడిందో మాత్రం ఎవరూ అడగరు. ఈ ప్రయాణంలో ముందు తెలుసుకోవాల్సింది అదే.

ఎత్తు చూస్తే బొగత ముప్పై అడుగులే. ప్రమాదం ఎత్తులో లేదు, నీళ్లు వచ్చే దారిలో ఉంది. ఆ వాగుకు వరద పైనున్న అడవుల నుంచి, రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి వస్తుంది. ఇక్కడ ఎండ కాస్తున్నా అక్కడ కుండపోత పడి ఉండొచ్చు. మోకాలి లోతు నీళ్లలో ఫొటోలు దిగుతున్నవాళ్లకు ఒడ్డుకు చేరే టైమ్ కూడా దొరకదు.

2023 జులైలో జరిగింది అప్పుడే మర్చిపోయామా? వీరభద్రవరం అడవిలోని ముత్యాలధార జలపాతం చూడబోయిన పర్యాటకులు వాగు పొంగడంతో చిక్కుకుపోతే, రాత్రంతా శ్రమించి సహాయక బృందాలు బయటికి తెచ్చాయి. అదే వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. జంపన్న వాగు కొండాయి ఊరి మీద పడి ప్రాణాలు తీసింది. కొండాయి వాళ్లు సరదాకు పోయినవాళ్లు కాదు, తమ ఇళ్లలో తామున్నవాళ్లు.

అసలు బాధ ఇక్కడే. గోదావరికి మన దగ్గర లెక్క ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకెలు వినగానే ఏం చేయాలో నది ఒడ్డున చిన్న పిల్లాడికీ తెలుసు. వాగులకు అలా జనం నోట్లో నానిన అంకె ఏదీ లేదు. మనుషుల్ని ఎక్కువగా మింగేది, గంటల్లో పొంగి గంటల్లో తగ్గే ఈ వాగులే. పైన వాన కొలిచే యంత్రం, వాగులో మట్టం గుర్తు, కింద ఊరికి సైరన్. ఇది వేల కోట్ల ప్రాజెక్టేమీ కాదు. వంతెనలకు, వ్యూ పాయింట్లకు పెట్టే శ్రద్ధలో కొంత దీని మీద పెట్టినా చాలు.

వరద భయంతో మాటిమాటికీ బొగత గేటు మూసేస్తే మక్కకంకులు అమ్ముకునే వాళ్లు, ఆటోవాళ్లు ఏమైపోవాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాళ్లను ఎక్కువ దెబ్బతీసేది చెప్పాపెట్టకుండా మూయడం. ముందురోజు సాయంత్రమే తెలిస్తే వాళ్లూ సరుకు తగ్గించుకుంటారు, మనమూ వరంగల్‌లోనే ఆగిపోతాం.

కాబట్టి గట్టి వాన వెలిసి రెండు మూడు రోజులయ్యాక, వీలైతే మామూలు రోజున వెళ్లండి. అప్పటికీ ధార నిండుగానే ఉంటుంది, జనం తక్కువ. అధికారులు మాత్రం వచ్చే వానాకాలానికి ముందే ఏటూరునాగారం బస్టాండులో, ములుగు సెంటర్లో ఒక బోర్డు పెట్టాలి. రేపు బొగత తెరుస్తారా లేదా, జంపన్న వాగు ఎంత ఎత్తున పారుతోంది, రెండూ ఆ ఒక్క బోర్డు మీదే కనిపించాలి.