మూడు వేల పార్సిల్‌కి పది లక్షల పరిమితితో పనేంటి?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా వదిన శ్రీకాళహస్తి నుంచి కలంకారీ స్టోల్స్ తెప్పించి ఆన్‌లైన్‌లో అమెరికాకి, బ్రిటన్‌కి అమ్ముతుంది. ఒక్కోటి మూడు వేల చిల్లర. పోయిన నెల ఒకామె రంగు ఫోటోలో ఉన్నట్టు లేదు, వాపసు పంపుతానంటే వదిన డబ్బులు తిరిగిచ్చేసి స్టోల్ మీ దగ్గరే ఉంచుకోమంది. తిరుగు కొరియర్ ఖర్చు ఒకెత్తు, అది ఇక్కడి నుంచి వెళ్లిన సరుకేనని కస్టమ్స్‌లో నిరూపించుకోవడం ఇంకో ఎత్తు. నిరూపించలేకపోతే తన సరుకుకే తను దిగుమతి సుంకం కట్టుకోవాలి.

మన విధానాల్లో మాత్రం ముందు పరిమితుల మాటే వస్తుంది. 2023 విదేశీ వాణిజ్య విధానంలో కొరియర్ ఎగుమతుల విలువ పరిమితిని కన్‌సైన్‌మెంట్‌కి 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు, 2026 బడ్జెట్‌లో ఆ పరిమితినే ఎత్తేస్తామన్నారు. ఖరీదైన సరుకు పంపేవాళ్లకి మంచిదే. మూడు వేల పార్సిల్ పంపే మనిషికి ఒరిగేదేముంది?

అసలు తలనొప్పి బ్యాంకులో ఉంది. ప్రతి షిప్పింగ్ బిల్లూ, అంటే ఎగుమతికి కస్టమ్స్‌లో ఇచ్చే పత్రం, రిజర్వ్ బ్యాంక్ ఈడీపీఎంఎస్‌లో (ఎగుమతుల డబ్బు వచ్చిందో లేదో చూసే కంప్యూటర్ వ్యవస్థలో) ఒక ఎంట్రీ అవుతుంది, డబ్బు వచ్చాక బ్యాంకు దాన్ని క్లోజ్ చేయాలి. సరుకు అమ్మిపెట్టే ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్ వాళ్లేమో ఇరవై పార్సిళ్ల డబ్బు కలిపి, కమీషన్ పట్టుకుని ఒకేసారి వేస్తారు. ఏ బిల్లుకి ఎంతొచ్చిందో తేల్చడానికి వదిన ఆదివారాలన్నీ ఎక్సెల్ షీట్ ముందే గడిచిపోతాయి, పైగా బ్యాంకుకి బిల్లుకింత అని ఛార్జీ. 10 లక్షల లోపు బిల్లులకి ఎగుమతిదారు డిక్లరేషన్ ఇస్తే చాలు, మూడు నెలలవి కలిపి ఇచ్చినా సరే, తగ్గి వచ్చిన మొత్తాన్నీ ఒప్పుకోవచ్చు అని రిజర్వ్ బ్యాంక్ 2025 అక్టోబర్‌లోనే చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రింట్ తీసుకెళితే కౌంటర్‌లో వచ్చిన జవాబు: "పైనుంచి మాకేం రాలేదండీ."

ఎగుమతి సరుకు మీద కట్టిన జీఎస్టీ వెనక్కిచ్చే రిఫండ్ ఒకటుంది; అది వెయ్యి రూపాయల లోపైతే ఇవ్వరనే నిబంధనని పన్ను కట్టి చేసే ఎగుమతులకి తీసేయమని 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు చేసింది. నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇది పార్సిల్ సైజు చూసి ఆలోచించిన పని. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపుని అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి అందరికీ తీసేసింది, దాని మీద మన చెయ్యి లేదు. బ్యాంకు ఛార్జీ, వాపసు సరుకు మన చేతిలోవే కదా.

చైనా 2015లోనే హాంగ్‌జౌలో ఈ-కామర్స్ ప్రయోగ జోన్ పెట్టింది. మన దగ్గర అలాంటి ఈ-కామర్స్ ఎగుమతి హబ్‌ల మాట 2024 బడ్జెట్‌లో వచ్చింది, పైలట్‌కి ఎంచుకున్న చోట్లలో బెంగళూరూ ఉంది. ఈ హబ్‌లలో మొదట చేయాల్సింది వాపసుల పని. వెళ్లేటప్పటి ఫోటో, ఆర్డర్ నంబర్, షిప్పింగ్ బిల్లు సరిపోలితే సుంకం అడక్కుండా వారంలో సరుకు ఇంటికి చేరాలి. మా వదిన ఆ మూడూ ప్రతి స్టోల్‌కీ ఫైల్ చేసి పెట్టుకుంది, ఇంతవరకూ ఎవరూ అడగలేదు.